చీటీలో 'ఉ' వచ్చింది!

టోక్యోలో కరోకే అంటే స్టేజీ ఎక్కడం కాదు. గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న గది. సోఫాలు, టీవీ, రెండు మైకులు, పాటలు వెతికే టాబ్లెట్... అంతే. ఓ శుక్రవారం రాత్రి షింజుకులో ఆఫీసు వాళ్లతో అలాంటి గదిలో ఇరుక్కున్నా. జపాన్ వచ్చి నాలుగు నెలలైనా మీటింగుల్లో 'హై' తప్ప ఇంకో మాట ఎత్తింది లేదు.

పాటల పేర్లు కాంజి లిపిలో ఉన్నా, మొదటి అక్షరంతో వెతకొచ్చు. ఆ వరస చూసి ఆశ్చర్యపోయా. అ, ఇ, ఉ, ఎ, ఒ... తర్వాత క, స, త, న! మన వర్ణమాలకి చుట్టమే. సంస్కృత అక్షరాలు నేర్చిన బౌద్ధ పండితుల చలవ అది.

మా టీమ్ లీడ్ చీటీలు వేశారు. వచ్చిన అక్షరంతో మొదలయ్యే పాట పాడాలి. మన అంత్యాక్షరికి చెల్లెలన్నమాట. 'రె' వచ్చినాయన 'లెమన్' అందుకున్నాడు. జపనీస్‌లో 'ల' లేదు, అది 'రెమొన్' అవుతుంది మరి!

నాకు 'ఉ'. తెలిసింది ఒక్కటే, భాష క్లాసులో నేర్పిన 'ఉఎ ఒ ముయితె అరుకో'. 1961 నాటి క్యూ సకమొతో పాట. 'పైకి చూస్తూ నడుద్దాం' అని అర్థం. 'సుకియాకి' పేరుతో 1963లో అమెరికాలోనూ నంబర్ వన్ అయింది.

చేతులు వణికాయి. రెండో లైనుకే శ్రుతి పోయింది. కానీ పాటలో ఈల వచ్చేచోట గదంతా నాతో కలిసి ఈల వేసింది.

సోమవారం మీటింగులో తప్పుల జపనీస్‌లోనే ఓ ప్రశ్న అడిగా. ఎవరూ నవ్వలేదు, జవాబు చెప్పారు.