తాతయ్య ఎండెన్ గుండు

రేపల్లెలో మా తాతయ్య బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక ఇత్తడి ముక్క ఉండేది. పిడికిలంత ఉంటుంది, పైన మొన, చుట్టూ గీతలు. ఇంటికి ఎవరొచ్చినా తాతయ్య దాన్ని చేతిలో పెట్టి కథ మొదలెట్టేవాడు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ ఓడ ఎండెన్ మద్రాసు మీద గుళ్ళు కురిపించింది కదా, అప్పుడు హార్బర్ దగ్గర పనిచేస్తున్న వాళ్ళ తాత ఏరుకొచ్చిన ముక్కట అది. చిన్నప్పట్నుంచీ నేనూ నమ్మాను.

ఇప్పుడు బాపట్లలో మెకానికల్ మూడో సంవత్సరం. టెక్ ఫెస్ట్‌కి ఏదైనా కొత్తగా పెట్టాలి. దీన్ని సగానికి కోసి లోపలి భాగాలు చూపిస్తే? తెనాలిలో మావయ్యకి లేత్ షాపు ఉంది. ఫోన్ చేస్తే, "ఇనప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే ఊర్రా మాది, ఇదెంత! తీసుకురా, కోసిస్తా" అన్నాడు.

సంక్రాంతి సెలవుల్లో, తెనాలి బండి ఎక్కాల్సిన ముందు రోజు రాత్రి, దాని మీద ఏం రాసుందో చూద్దామని కూర్చున్నా. టార్చి పక్కనుంచి వేస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా లేస్తాయి. మొదట 80 అనే అంకె. పక్కన రోమన్ అంకె. కింద తయారుచేసినవాళ్ళ ఇంగ్లీషు పొడి అక్షరాలు. తర్వాత నెల, సంవత్సరం: 10/16. రింగు చుట్టూ 0 నుంచి 22 దాకా గీతలు.

మ్యూజియం ఫోటోలతో పోల్చి చూస్తే తేలిపోయింది. ఇది ఫ్యూజు. మన కరెంటు ఫ్యూజు కాదు, ఫిరంగి గుండు మొనకి బిగించేది, గుండు ఎప్పుడు పేలాలో చెప్పేది. 80 నంబరంటే బ్రిటిష్‌వాళ్ళ 18 పౌండర్ లాంటి ఫిరంగులకి వాడింది. రోమన్ అంకె ఎన్నో మార్పో చెబుతుంది. ఇక 10/16 అంటే 1916 అక్టోబరు. ఎండెన్ 1914 నవంబరులోనే కోకోస్ దీవుల దగ్గర నాశనమైపోయింది. రెండేళ్ళ తర్వాత తయారైన ముక్క ఆ ఓడ ఎలా పేలుస్తుంది?

అంత తెలివిగా చదివేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నా. అప్పుడు ఇది ఎలా పనిచేస్తుందో చదివా. ఫిరంగి పేలిన అదురుకి లోపల నిప్పు అంటుకుంటుంది. రింగులో కూరిన మందు మెల్లగా కాలుతూ పోతుంది. రింగు తిప్పితే కాలే దూరం మారుతుంది, టైము మారుతుంది. నేలకి తగిలితే పేలేందుకు వేరే ఏర్పాటు కూడా ఉంది.

ఒళ్ళు చల్లబడింది. అక్షరాలన్నీ అది ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో చెబుతున్నాయి. లోపల మందు ఇంకా ఉందో లేదో ఒక్క అక్షరం కూడా చెప్పదు. దాన్ని బ్యాగులో పడేసి, జనంతో నిండిన బండిలో తీసుకెళ్ళి, మావయ్య చేత లేత్‌కి బిగించబోయాను.

రాత్రికి రాత్రే మావయ్యకి వద్దని చెప్పా. దాన్ని ముట్టుకోకుండా అందరం బయట వరండాలో పడుకున్నాం. పొద్దున్నే 112కి ఫోన్ చేశా. బాంబ్ స్క్వాడ్ వాళ్ళొచ్చారు. "లోపల ఖాళీయేనా సార్?" అనడిగితే, "పైనుంచి చూసి చెప్పలేం బాబూ, అందుకేగా తీసుకెళ్తున్నాం" అన్నాడాయన.

బల్ల ఖాళీ అయిపోయింది. తాతయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ముక్క పోయినందుకు కాదు, కథ పోయినందుకు. మూడో రోజు దగ్గర కూర్చుని ఇంకో సంగతి చెప్పా. ఈ బ్రిటిష్ ఫ్యూజు డిజైను అసలు జర్మనీ క్రప్ కంపెనీది. వికర్స్ వాళ్ళు లైసెన్సు తీసుకుని చేశారు. యుద్ధం అయ్యాక క్రప్ మా డబ్బులేవని అడిగితే, 1926లో 40,000 పౌండ్లకి రాజీ కుదిరింది.

తాతయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంటే జర్మనీ వాడిదేగా! నేను మొదట్నుంచీ చెబుతోంది అదేరా."

ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళకి నా ఫోన్లో తీసిన ఫోటో చూపించి కొత్త కథ చెబుతున్నాడు. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటివి ఉంటే దూరం నుంచి ఫోటో తీసుకోండి, చాలు. తోమొద్దు, తిప్పొద్దు, మోసుకెళ్ళొద్దు. 112కి ఫోన్ చేయండి.