పరిశోధన ఏమిటో ఇంట్లో చెప్పగలగాలి



హోసూరు, డెంకణికోట, సూళగిరి పల్లెల నుండి బెంగళూరుకు, కోయంబత్తూరుకు, చెన్నైకి వెళ్లి విజ్ఞానశాస్త్రాలలో ఎం.ఎస్సీ., పిహెచ్.డి. చేస్తున్న తెలుగు బిడ్డలు మనకు ఉన్నారు. వారు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు "నీవు చేస్తున్న పరిశోధన ఏమిటి నాయనా?" అని అడిగి చూడండి. శాఖ పేరు చెబుతారు, ఆచార్యుని పేరు చెబుతారు. ఆపైన "అది మీకు అర్థం కాదులే" అని ముగిస్తారు. అది పొగరు కాదని నా నమ్మకం. చెప్పడానికి వారికి తెలుగు చాలడం లేదు. ఆ లోటును గురించే నేడు మీతో నాలుగు మాటలు మనవి చేయదలచాను.

పరిశోధన అనగానే యంత్రాలు, ప్రయోగశాలలు మన కళ్లముందు నిలుస్తాయి. వాటికన్న ముందు ఉండవలసినది ఒక ప్రశ్న. కల్యంపూడి రాధాకృష్ణారావుగారి ఉదంతం ఇందుకు మంచి నిదర్శనం. ఆయన నేటి కర్ణాటకలోని హడగలిలో 1920లో ఒక తెలుగు కుటుంబాన జన్మించారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ ఒకనాడు, పెద్ద నమూనాలకు వర్తించే ఫిషర్ ఫలితాన్ని వివరించారు. "చిన్న నమూనాలకు ఇటువంటిది లేదా?" అని దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. రావుగారు ఇంటికి వెళ్లి ఆ ప్రశ్నతోనే రాత్రి గడిపి, సమాధానం సాధించారు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో తెలిపే ఆ హద్దు 1945లో అచ్చయింది. నేడు ప్రపంచమంతటా గణాంకశాస్త్ర విద్యార్థులు దానిని క్రామర్-రావు హద్దు అనే పేరుతో చదువుతున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది.

ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నలో కఠినమైన మాట ఒక్కటీ లేదు. విన్న పాఠాన్ని తన మాటలలోకి తెచ్చుకొన్నాడు గనుక, అందులో మిగిలిపోయిన ఖాళీ అతనికి కనబడింది. భాషను నేర్పే మనం పిల్లలకు ఇవ్వవలసినది ఈ శక్తినే.

మన సీమలో ప్రశ్నలకు కొదవ లేదు. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో ఇనుము వాడకం క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. అంత పాతదని ఎట్లా తెలిసింది? తవ్వకాలలో దొరికే బొగ్గు వంటి వాటిలో కార్బన్-14 ఎంత తరిగిందో కొలుస్తారు. అది సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఇది ఎనిమిదవ తరగతి బిడ్డకు తెలుగులో చెప్పదగిన సంగతే. కెలవరపల్లి జలాశయం దగ్గర దక్షిణ పినాకినిలో నురుగు ఎందుకు పొంగుతున్నది? రాగి పంట కోతకు వచ్చే వేళకే ఏనుగులు బన్నేరుఘట్ట నుండి మన వైపు ఎందుకు దిగుతాయి? ఇవన్నీ పరిశోధనకు తగిన ప్రశ్నలు. మన పిల్లలు వీటిని ముందుగా ఇంటి భాషలోనే వింటారు.

నా దగ్గర తెలుగు చదివిన ఒక అమ్మాయి గులాబీలకు వచ్చే బూడిద తెగులు మీద ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేసింది. తండ్రి గులాబీ రైతు. కూతురు కష్టపడి తెలుగులో విషయం చెప్పగా, ఆయన అంతా విని, "పాలీహౌసులో ఇది విడవదు. బయట తోటలో మంచి వాన కురిస్తే తగ్గుతుంది. ఎందుకమ్మా?" అని అడిగాడట. చాలా బూజు తెగుళ్లు మొలవడానికి ఆకు మీద నీటి తడి కావాలి. బూడిద తెగులుకు గాలిలో తేమ ఉంటే చాలు, నీరు నిలిస్తే దాని పొడి సరిగా మొలవదు. పుస్తకంలో చదివిన ఈ సంగతి తండ్రి కంటితో చూసినదేనని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమెకు తెలుగు రాకపోయి ఉంటే ఆ రైతు ప్రశ్న ఆయన తోటలోనే మిగిలిపోయేది.

2006 నాటి చట్టంతో తమిళనాడులో తమిళం తప్పనిసరి పాఠమై, ఒకటవ తరగతి నుండి ఏటేటా పైకి సాగి, 2015-16లో పదవ తరగతికి చేరింది. నాడు ఒకటవ తరగతిలో చేరిన బిడ్డలు నేడు పరిశోధక విద్యార్థుల వయసుకు వచ్చారు. వారు తమిళం చక్కగా నేర్చారు, అది మేలే. ఇంగ్లీషులో పరిశోధన పత్రాలు వ్రాస్తారు, అది అవసరం. అయితే వారిలో ఎందరికో తెలుగు వంటింటి ముచ్చట్లను దాటి ఎదగలేదు.

కాబట్టి మీకొక విన్నపం. సెలవులకు ఊరికి వచ్చిన పరిశోధక విద్యార్థిని మీ బడికి పిలిచి ఒక్క పిరియడు ఇవ్వండి. మూడు ప్రశ్నలు అడగండి: నీవు దేనిని చూస్తున్నావు? ఎట్లా కొలుస్తున్నావు? ఇంకా తెలియనిది ఏమిటి? జన్యువు, ఎంజైము, కార్బన్ వంటి మాటలు వచ్చినట్లే రానివ్వండి, ప్రతి మాటకూ తెలుగు వెతకవద్దు. వాక్యం మాత్రం తెలుగులో పూర్తి కావాలి. వీలైతే ఆ తల్లిదండ్రులను కూడా వెనుక బల్లపై కూర్చోబెట్టండి. పిల్లలు, పెద్దలు అడిగిన ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో వ్రాసి, సెలవులు ముగిసి వెళ్లేటప్పుడు ఆ విద్యార్థి చేతికి ఇవ్వండి. వాటిలో ఏ ఒక్కదానికి జవాబు తెచ్చినా, మరుసటి సెలవులకు మరొక పిరియడు సిద్ధంగా ఉంచండి.