బిల్లులు రెండు, స్తంభాలు ఎన్ని?

మార్కాపురంలో పలకల షెడ్లు దాటాక ఓ మేడ మీదుంది ఆ గది. చుట్టుపక్కల ఊళ్లకు నెట్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్‌ది. చెప్పులు బయటే విడవాలి. లోపల ఏసీ, ఇన్వర్టరు, ఓ ర్యాకు, దానికి వేలాడుతూ పసుపుపచ్చ ప్యాచ్ కార్డులు. మాట మధ్యలోనే ఆయన ఒక కార్డు పీకేశారు. ల్యాప్‌టాప్‌లో పింగ్ కొన్నిసార్లు తప్పి, మళ్లీ అందుకుంది.

"ఒంగోలు లైను తీసేశాను సార్. ఇప్పుడు గిద్దలూరు మీదుగా నంద్యాల పోతాంది."

రెండు కంపెనీల లైన్లు కొని తగిలిస్తే చాలదా? ఇక్కణ్నుంచి బయటికి పోవడానికి చాలు. యూట్యూబ్ చూసేవాడికి తేడా తెలీదు. చిక్కంతా బయటివాళ్లు లోపలికి రావడంలోనే. ఐపీ అడ్రసు కంపెనీదైతే, ఆ లైను తెగగానే అడ్రసూ పోతుంది. హైదరాబాదు నుంచి తన షెడ్డు కెమెరా చూద్దామనుకున్న యజమానికి ఏమీ కనబడదు. అందుకే ఈయన, దేశంలో ఐపీ అడ్రసులు కేటాయించే ఐఆర్ఐఎన్ఎన్ దగ్గర సొంతంగా 256 అడ్రసులు, తన నెట్‌వర్కుకు గుర్తింపుగా ఒక ఏఎస్ నంబరు తీసుకున్నారు. కంపెనీ మారినా నంబరు మారని ఫోను లాంటిదే ఇదీ. 256 అడ్రసులకన్నా చిన్న వాటాను ప్రపంచంలోని రూటర్లు సాధారణంగా లెక్కచేయవు. ఆ అడ్రసులకు ఇటునుంచీ అటునుంచీ రావచ్చని రెండు కంపెనీలకూ చాటేది బీజీపీ. 1989లో ఇద్దరు ఇంజనీర్లు భోజనం దగ్గర న్యాప్‌కిన్ల మీద గీసుకున్న పద్ధతి అది! దాని నాలుగో కూర్పు మీదే ఇవాళ్టి ఇంటర్నెట్ నడుస్తోంది.

కార్డు పీకితే రూటరుకు వెంటనే తెలుస్తుంది. లైటు వెలుగుతూనే అవతలెక్కడో డేటా ఆగితేనే తంటా. లైను పోయిందని తేల్చుకునేందుకు చాలా రూటర్లలో గడువు 180 సెకన్లు. అంతసేపూ చచ్చిన దారిలోకే పంపుతూ ఉంటుంది. ఈయన ఆ గడువు బాగా తగ్గించుకున్నారు.

అసలు తెలివి మాత్రం రూటర్లో లేదు. లైన్లు కొనేముందు ఈయన రేటుకన్నా ముందు స్తంభాల సంగతి అడిగారట. పేర్లు వేరైనా, ఊరు దాటేదాకా రెండు కంపెనీల ఫైబరూ ఒకే కరెంటు స్తంభాల మీద పోతుంటే లాభమేంటి? రోడ్డు వెడల్పుకు పొక్లెయిన్ దిగిందంటే రెండూ ఒక్క దెబ్బకే. కంపెనీవాళ్లు మ్యాపు చూపించలేదు. బైకేసుకుని స్తంభాల వెంబడి తనే తిరిగి చూసొచ్చారు. నంద్యాల వైపు దిగువమెట్ట దాటితే అంతా నల్లమల. రాత్రి అక్కడ తెగితే అతికేవాళ్లు తెల్లారేదాకా కదలరు. అందుకే అది రెండో లైనే.

"మరి కరెంటు?" అన్నాను.

"ఫీడరు ఒకటే సార్," నవ్వారాయన. "జనరేటరుకు కొటేషన్ అడిగినా."