కుండీలో మెంతులు

మా నాలుగేళ్ల పాప చేత, రాత్రంతా నానబెట్టిన మెంతులను కుండీలో చల్లించాము. తాను ఓపిక పట్టలేక పూటపూటకూ మట్టి తవ్వి చూసేది. వేరు ముందుగా కిందికి దిగుతుందనీ, కదిలిస్తే తెగిపోతుందనీ నచ్చజెప్పాము. మూడవ నాటికి మొలకలు తలలెత్తాయి.

ఆ సాయంత్రం పాప, "నానీమాను కూడా మట్టిలోనే ఉంచారు కదా అమ్మీ, ఎప్పుడు మొలుస్తుంది?" అని అడిగింది. మాకు మాట పెగలలేదు. నిర్జీవమైన నేలను వర్షంతో బ్రతికించే అల్లాహ్ మృతులనూ లేపుతాడని దివ్య ఖుర్‌ఆన్‌లో ఎన్నోసార్లు చదివినవారమే.

"అల్లాహ్ లేపిన రోజున, బేటీ" అన్నాము.

"అయితే మనం తవ్వకూడదు" అన్నది.

నెల నాటికి కోసిన మెంతికూరలో తొలి కట్టను పాప చేతనే పొరుగింటికి పంపించాము.