చుక్కల లెక్క – వెన్నెల నిగ్గు

షోలాపురమున స్థిరపడిన మా కుటుంబములలో పిల్లలు బడిలో మరాఠీ చదువుదురు. తెలుగు వారి చెవిని బడునది ఇంటి మాటలవలనను, ఇంట చూచు చిత్రములవలనను మాత్రమే. అందుచేత 1957లో వెలువడిన ‘మాయాబజార్’ మాకు వట్టి వినోదము కాదు. ఏటేట పండుగకు ఇంటిల్లిపాదియు కూర్చుండి దానిని చూచుట మా యింటి వాడుక.

ఈసారి మా మనుమడు పాత డీవీడీని ప్రక్కన బెట్టి, ఎక్కడనుండియో తెచ్చిన నలుపుతెలుపు ప్రతిని క్రొత్త టీవీలో పెట్టెను. అది ‘ఫుల్ హెచ్‌డీ’ యట. వెన్నెలలో పడవ విహారము వచ్చుసరికి మాకు నీటిపై అలలు కానరాలేదు. చదరములు చదరములుగా ఏదో కదలుచున్నట్లుండెను. ఆకాశమున వెలుగు క్రమముగా తగ్గుటకు మారు మెట్లు మెట్లుగా తెగియుండెను. ఆ మాట చెప్పగా, “తాతయ్యా, ఒకసారి కళ్ళు చూపించుకోండి” అని పిల్లలు నవ్విరి. చూపించుకొంటిమి. అద్దములు మార్చవలసిన పని లేదని వైద్యుడు చెప్పెను.

జమాఖర్చులు వ్రాసి బ్రదికినవారము గనుక కాగితము తీసికొంటిమి. క్రొత్త ప్రతిలో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు, మొత్తము 20,73,600. డీవీడీలో 720, 576, అనగా 4,14,720. సరిగా ఐదింతలు! బాలుని మాట అబద్ధము కాదు. అయితే ఆ ప్రతి యంతయు కలిపి 700 మెగాబైట్లు. చిత్రము మూడు గంటలకు పైబడినది. సెకనుకు వచ్చునది ఇంచుమించు అర మెగాబిట్టు. 4.7 గిగాబైట్ల డీవీడీ పళ్ళెమును నిండుగా వాడినచో సెకనుకు మూడు మెగాబిట్లకు పైగా దక్కును. 2003లో వచ్చిన క్రొత్త కుదింపు పద్ధతి సగము ఖర్చుతోనే ఆ పని చేయుననిరి. అంత తగ్గించి చూచినను లోటు పూడలేదు.

కుదింపు పద్ధతి బొమ్మను చిన్న చదరములుగా విభజించి, ముందటి బొమ్మకంటె మారినదానినే వ్రాసికొనును. కదలని గోడకు ఖర్చు స్వల్పము. అలలాడు నీటికో, ప్రతి బొమ్మయు క్రొత్తదే. కేటాయింపు చాలనప్పుడు మసక వెలుగులోని సన్నని భేదములను ముందుగా కొట్టివేయును. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పట్టిన వెన్నెల యంతయు ఆ సన్నని భేదములలోనే యున్నది గదా! మా యూర దుప్పటి కొనువారు పోగులెన్నియని అడిగి ఊరకుండరు. నూలు పట్టి చూతురు. టీవీ పెట్టెమీద మాత్రము చుక్కల లెక్కయే పెద్ద యక్షరములతో అచ్చువేయుదురు.

డీవీడీని మరల పెట్టించితిమి. అంచులు కొంత మెత్తగా నున్నమాట నిజము. పేర్లు చదువుటకు కొంచెము శ్రమపడితిమి. కాని నీరు నీరుగానే యుండెను. మనుమడు చాలసేపు తెరకు దగ్గరగా నిలిచి చూచి, “చుక్కలూ ఉండి, కుదింపు తక్కువగా ఉన్న ప్రతి దొరుకుతుందేమో వెతుకుతాను తాతయ్యా” అనెను. మా పళ్ళెముపై అప్పుడే రెండు గీతలు పడినవి. త్వరగా దొరికిన బాగుండును.