జాయింటు

ఇంగ్లీషు మాటలు పిలువని చుట్టములవలె మన యిండ్లకు వచ్చి, కొంతకాలమునకు ఇంటివారే యగుచున్నవి. అట్టివానిలో "జాయింటు" ఒకటి. మా కందుకూరులో ఈ మాట తెలియనివారు లేరు. బోరుగొట్టము కారినచో పనివాడు "జాయింటు వదులైన"దనును. చలి ముదిరినచో పెద్దలు "జాయింట్లు పట్టుకొన్న"వని మోకాళ్లు రాచుకొందురు. తలుపు చట్టములో రెండు చెక్కలు కలియు చోటును వడ్రంగి జాయింటే యనును.

ఈ కలయికలకు మనకు మాటలు లేకపోలేదు. ఎముకకు కీలు, గుడ్డకు అతుకు, అక్షరములకు సంధి, వ్యాపారమునకు పొత్తు, ఆస్తికి ఉమ్మడి. ఇంగ్లీషువారు వీనిలో పెక్కింటికి ఒక్క మాటనే వాడుకొందురు. ఆ మాటయు మనకు పూర్తిగా పరాయిది కాదు. దానికి మూలమైన లాటిను ధాతువు మన సంస్కృత "యుజ్" ధాతువునకు తోబుట్టువని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. యోగము, సంయుక్తము ఆ యింటి బిడ్డలే. ఎద్దుల కాడిని ఇంగ్లీషులో "యోక్" అందురు; అదియు ఆ వంశములోనిదే. జాయింటు కలెక్టరును పత్రికలవారు సంయుక్త కలెక్టరని వ్రాసినపుడు పాత చుట్టఱికమునే కలిపిరన్నమాట.

కాడి రెండు మెడలమీద నుండవలయును. ఉమ్మడి కుటుంబములో చాకిరి అట్లే యుండెను గాని హక్కు అట్లుండలేదు. పూర్వపు మితాక్షర న్యాయము ననుసరించి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో భాగము కొడుకులకే. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టము తండ్రి వాటాలో మాత్రము కూతురికి పాలు చూపినది. కూతురిని కొడుకుతో సమానముగా పుట్టుకతోనే భాగస్వామినిగా చేసిన మొదటి రాష్ట్రము నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి చెల్లినది; కాని ఆ తేదీకి ముందు పెండ్లియైనవారికి అది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటికిని వర్తించిన సవరణలో పెండ్లి అడ్డుకాలేదు. ఆనాటికి తండ్రి జీవించి యుండనక్కఱలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారము జరిగిపోయిన పంపకములను మాత్రము తిరుగదోడరాదు.

ఈ సంగతి మా ప్రాంతమున నేడు చాల ముఖ్యము. శ్రీశైలము దారి పొడుగున భూముల వెలలు ఆకాశము నంటుచున్నవి. మా మండలములోని మీర్‌ఖాన్‌పేటలో 2024లో నైపుణ్య విశ్వవిద్యాలయమునకు శంకుస్థాపన జరిగినది. ఎకరము వేలలో పలికిన దినములలో ఎవరును అడుగని ఆడపడుచుల సంతకమును, కోట్లలో పలుకు నేడు అందఱును అడుగుచున్నారు. మేమెఱిగిన యొక సోదరిని అన్నదమ్ములు పండుగకు పిలిచి, పట్టుచీర పెట్టి, కాగితము ముందుంచిరి. ఆమె చదువుకొన్నదే, అయినను పుట్టింటివారియెదుట కాగితము చదువుట తప్పేమోనని వెఱచి సంతకము చేసినది. అది హక్కు విడుదల పత్రమని తరువాత తెలిసినది.

తెలిసి, మనసార వదలుకొన్నచో అది ఆమె యిష్టము; దానిని తప్పుపట్టుటకు మేమెవరము? తెలియక వదలుట మాత్రము దానము కాదు. కాగితము ఇంటికి తెచ్చుకొని చదువుకొందుమనుట అన్నదమ్ములను అవమానించుట గాదు.

అత్తింట నున్న జాయింటును గూడ చూచుకొనవలయును. బ్యాంకు ఖాతాలో ఇరువురి పేర్లున్నంత మాత్రమున చాలదు. "ఎవరైనను లేక బ్రతికియున్నవారు" అని వ్రాసియున్నచో ఏ యొకరి సంతకముతోనైనను సొమ్ము తీయవచ్చును. "ఇరువురును కలిసి" యని యున్నచో ఒకరి సంతకము చెల్లదు. నామినీగా పేరున్నచో బ్యాంకు ఆ సొమ్మును ఆమె చేతికిచ్చును. అంతమాత్రమున అది ఆమెదే కాదు, వారసుల హక్కు నిలిచియే యుండును.

సోదరీమణులారా, పప్పుడబ్బా లోతును, బీరువా తాళమును ఎఱిగిన మనము పట్టా పుస్తకములో ఎవరి పేరున్నదో ఎఱుగకుండుట తగునా? ఈ వారములో ఒక సాయంకాలము ఇంటివారితో కూర్చుండి, ఆ కాగితములను దీపము దగ్గఱ విప్పి చూడుడు. కోపముతో గాదు, ఇంటి లెక్కలు చూచుకొన్నట్లే చూడుడు.