చదవొచ్చని రాసి ఉన్నా

మౌలాలి గుట్ట కింద మా ఇంట్లో ఒకటే బల్ల. ఒక కొసన నా ఇంటర్వ్యూల కాగితాలు, ఇంకో కొసన చెల్లెలి ల్యాప్‌టాప్. తను లినక్స్ మీద పనిచేస్తుంది. ఆ రాత్రి తన టెస్టు ఒకటి మాటిమాటికీ కూలిపోతోంది.

మెమరీ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే టెస్టు అది. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకీ ఏ చిరునామా నుంచి ఏ చిరునామా దాకా ఏముందో చూపే పట్టికను కెర్నెల్ ఇస్తుందట. పక్కనే అనుమతులు: ఆర్ ఉంటే చదవొచ్చు, డబ్ల్యూ ఉంటే రాయొచ్చు. టెస్టు ఆర్ కనబడ్డ చోటల్లా చదువుకుంటూ పోయింది.

"అనుమతి ఉందిగా మరి?" అన్నాను.

"ఆర్ ఉన్నంత మాత్రాన అన్నీ చదివెయ్యొద్దక్కా. కొన్ని అసలు మెమరీయే కాదు, నెట్‌వర్క్ కార్డు లాంటి పరికరాల లోపలి గడులు. వాటిలో కొన్ని చదవగానే చెరిగిపోతాయి. కొన్నిచోట్ల వెనకున్న ఫైలు ఎప్పుడో కురచైపోయి ఉంటుంది, పట్టికలో మాత్రం అలాగే ఉంటుంది. అక్కడ చదవబోతే కెర్నెల్ ప్రోగ్రాముని చంపేస్తుంది."

చదవగానే చెరిగిపోతాయి అన్న దగ్గరే నేను ఆగిపోయాను.

1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి ఈ పనిలోకి వచ్చినదాన్ని. ఆడవాళ్ల మాట వినడం గురించి సెమినార్లలో చాలానే మాట్లాడాను. నిరుడు రైల్వే క్వార్టర్స్‌లో ఒక పెద్దామె నోటుబుక్కు దొరికింది. ఆమె ఇవ్వలేదు, కొడుకు ఇచ్చాడు. "మా అమ్మదే, చదువుకోండి మేడమ్." సమ్మతి ఫారం మీద సంతకం కూడా అతనిదే! చదివాను. తర్వాతిసారి వెళ్లినప్పుడు, ఆమె నాకెన్నడూ చెప్పని ఒక సంగతి గురించి అడిగాను. ఆమె నా వైపు చూసి లేచి లోపలికి వెళ్లింది. అప్పట్నుంచి ఆమె ఏమీ రాయడం లేదని కోడలు చెప్పింది.

చెల్లెలు మొదట పరికరాల గుర్తులున్న భాగాలను వదిలేద్దామనుకుంది. "ఎన్నని వదిలేస్తాం, రేపు ఇంకో రకం వస్తుంది" అని అదీ మానుకుంది. చివరికి టెస్టు తనకంటూ కొంత మెమరీ అడిగి తీసుకుని, అందులో తనే రాసి, దాన్నే చదివేలా మార్చింది. కొట్టేసిన లైన్లే ఎక్కువ.

ఆ పరిష్కారం నాకు పనికిరాదు. నేను రాసుకున్నదే నేను చదువుకుంటే ఇక పరిశోధన దేనికి? ఆ మాటే అంటే చెల్లెలు నవ్వి ఊరుకుంది.

వ్యాసంలోంచి ఆ నాలుగు పేజీలూ తీసేశాను. నోటుబుక్కు ఆమె చేతికే ఇచ్చి రావాలి, రికార్డరు లేకుండా. ఫారం ఇంకా నా ఫైల్లోనే ఉంది.